అడుగున ఉండే పేరు

సోమందేపల్లి,
14 సెప్టెంబరు 2025

అప్పా,

నీ వాయిస్ మెసేజి విన్నా. పోయిన నెల కాశ్మీరులో 25 పుస్తకాలు నిషేధించారని కువైట్‌లో నీతోపాటు పనిచేసే మలయాళీ అతను చెప్పినాడంట. "రాసేవోళ్లు రాస్తారు, సర్కారు ఆపుతాది, మధ్యన నీకేం పోయిందప్పా? నువ్వు పెండ్లిపత్రికలు కొట్టుకునేవాడివి" అని నవ్వినావు. ఫోన్లో జవాబు చెప్పబోతే నీకు డ్యూటీ టైము అవుతుంది, నాకు కరెంటు పోతుంది. అందుకే కాగితం మీద రాస్తున్నా.

పోయేది మనకేనప్పా. రాసినవాడికంటే ముందు మనకే.

టైపు కేసు దగ్గర నిలబడి నువ్వు అక్షరాలు ఏరిన కాలంలో, ప్రతి కరపత్రం అడుగునా చిన్న టైపులో ప్రెస్సు పేరు, ఊరి పేరు వేసేవాళ్లం గదా. అది మన గొప్ప కోసమని నువ్వనుకునేవాడివి. చోటు చాలకపోతే ఆ లైను ఎత్తేద్దామని మేస్త్రీతో గొడవపడేవాడివి కూడా. అది గొప్ప కాదు, చట్టం. 1867లో తెల్లవాళ్లు తెచ్చిన ప్రెస్సుల, పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం మీదా, ప్రతి కాగితం మీదా ముద్రాపకుడి పేరు, అచ్చయిన చోటు కనబడాల్సిందే. 1857 తిరుగుబాటు జరిగి అప్పటికి పదేళ్లు. ఎవరు ఏం రాస్తున్నారో, ఎక్కడ అచ్చవుతోందో తెలియకపోతే దొరలకు నిద్ర పట్టదు. రాసినవాడు 'ఒక రైతు' అనో, 'ఒక దేశాభిమాని' అనో మారుపేరు పెట్టుకోవచ్చు. అచ్చేసినవాడికి ఆ వీలు లేదు. మనిషి పారిపోయినా మిషను యాడికీ పారిపోదు గదా.

ఆ చట్టం పోయి 2023లో కొత్తది వచ్చింది, 2024 మార్చి నుంచి అమల్లో ఉంది. అది పత్రికలకే, పుస్తకాల ఊసు అందులో లేదు. ఎన్నికల కరపత్రాలకు మాత్రం 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 127ఎ అని ఒక సెక్షను ఇంకా మన నెత్తిమీదే ఉంది. వేయించేవాడు రెండు ప్రతుల్లో డిక్లరేషన్ ఇవ్వాలి. అతన్ని ఎరిగిన ఇద్దరు దానిమీద సంతకాలు పెట్టాలి. అచ్చయ్యాక ఒక కాపీ, ఆ డిక్లరేషన్‌తో కలిపి, అధికారులకు పంపాలి. తప్పితే ఆరు నెలల జైలు, లేదా 2000 రూపాయల జరిమానా, లేదంటే రెండూ. ఎన్నికలొచ్చినప్పుడల్లా ప్రెస్సులవాళ్లను పిలిచి ఇదంతా మళ్లీ చెప్పి పంపుతారు. నాకు దీనిమీద కోపమేం లేదు. ఒకడి మీద బురద చల్లే కాగితానికి చల్లినవాడి పేరు ఉండాలనడం న్యాయమే. నేను అడిగేది ఇంకొకటి ఉంది, దానికి తర్వాత వస్తా.

ముందు బెంగుళూరు నాగరత్నమ్మ గారి సంగతి. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించిన విద్వాంసురాలని నీకు తెలుసు, రేడియోలో విన్నాం. ఆమె పుస్తకం వేసిందనీ, ఆ పుస్తకాన్ని పోలీసులు పట్టుకుపోయారనీ చానామందికి తెలీదు. తంజావూరు ప్రతాపసింహుడి కొలువులో ముద్దుపళని అనే కవయిత్రి రాసిన 'రాధికా సాంత్వనం' అది. రాధ అలిగితే కృష్ణుడు ఆమెను బతిమాలుకునే కథ. వేశ్యాకులంలో పుట్టిన ఆడమనిషి, మొహమాటం లేకుండా శృంగారం రాసింది. వీరేశలింగం పంతులు గారు తన కవుల చరిత్రలో ఆమెను చెడామడా తిట్టినారు. వితంతు వివాహాలు చేయించిన పెద్దమనిషే, ఆడది కావ్యం రాస్తే ఓర్చుకోలేకపోయినారు. మగకవులు అంతకంటే ముదురుగా రాసినవి చదివి, పాఠాలు చెప్పి, పద్యాలు అప్పగించుకున్న కాలమది. నాగరత్నమ్మకు ఒళ్లు మండింది. అసలు ప్రతి సంపాదించి, ఎవరూ కత్తిరించని పాఠాన్ని 1910లో వావిళ్ల వారిచేత అచ్చు వేయించింది.

సర్కారువారి తెలుగు ట్రాన్స్‌లేటరు గోటేటి కనకరాజు పంతులు చదివి ఇది అశ్లీలమన్నాడు. 1911లో పోలీసులు వచ్చి ప్రతులు పట్టుకుపోయారు. ఇక్కడొకటి గమనించు. ముద్దుపళని పోయి నూరేళ్లు దాటింది, ఆమెను ఎవరేం చేయగలరు? నాగరత్నమ్మ కచేరీలు చేసుకుంటూనే ఉంది, పేరు ఇంకా పెరిగింది. మరి దెబ్బ తగిలింది ఎవరికి? మద్రాసులో పుస్తకాల కొట్టు పెట్టుకుని, కాగితం కొని, కూలీ ఇచ్చి, కుట్టు కుట్టించి, బీరువాలో పేర్చుకున్న వావిళ్లవారికి. పండితులు అర్జీలు పెట్టినా సర్కారు దిగలేదు. చివరికి 1947లో మద్రాసు ప్రధానమంత్రిగా ఉన్న టంగుటూరి ప్రకాశం పంతులు ఆ నిషేధం ఎత్తేసినాడు. 1952లో వావిళ్లవారే మళ్లీ అచ్చేశారు. ఒక్క పుస్తకం మళ్లీ షాపులోకి రావడానికి నలభై ఏండ్లు! ఆ నలభై ఏండ్లలో ముద్దుపళనిని చదవకుండానే పోయిన తెలుగోళ్లు ఎందరో చూడు. నిషేధం అంటే అదేనప్పా. పుస్తకం చచ్చిపోదు, రెండు తరాలు దాన్ని చూడకుండా చచ్చిపోతాయి.

అదే 1910లో ప్రెస్సు చట్టం ఒకటి వచ్చింది. కొత్తగా ప్రెస్సు పెట్టేవాడు 500 నుంచి 2000 రూపాయల దాకా సర్కారు దగ్గర ధరావతు కట్టాలి. వాళ్లకు నచ్చనిది అచ్చేస్తే ఆ డబ్బు పోతుంది. మళ్లీ పెట్టాలంటే ఈసారి వెయ్యి నుంచి పదివేల దాకా కట్టాలి. మళ్లీ తప్పు చేస్తే డబ్బుతో పాటు మిషను కూడా జప్తు. ఆ రోజుల్లో పదివేలంటే ఊరే కొనొచ్చు. ఇట్లాంటి చట్టం ఉన్నాక సెన్సారు ఆఫీసు దేనికి? ప్రెస్సు ఓనరే సెన్సారు. మేటరు చేతికి రాగానే పైనుంచి కిందిదాకా చూసి, "ఈ పేరా తీసేయండి స్వామీ, నాకు పిల్లలున్నారు" అంటాడు.

దానికి రెండేండ్ల ముందు, 1908లో, బెజవాడ నుంచి వచ్చే 'స్వరాజ్య' పత్రికలో వచ్చిన రాతకు రాజద్రోహం కేసు పెట్టినారు. సంపాదకుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావు మన కర్నూలాయన. మూడేండ్లు జైల్లో వేశారు. ఆయన పేరు మనకు బడిలో చెప్పినారు. ఆ కేసులోనే బోనెక్కిన పబ్లిషరు బోడి నారాయణరావు పేరు ఎవరైనా చెప్పినారా? చెప్పరు. మనవాళ్ల జాతకం అంతే.

1910 చట్టాన్ని 1922లో రద్దు చేసినారు. నాయకులు సంతోషించారు. అయితే పుస్తకాల్ని జప్తు చేసే అధికారాన్ని మాత్రం ఆ రద్దు చట్టంతోనే క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోకి, 99ఎ అనే సెక్షనుగా మార్చి పెట్టినారు. ఇల్లు ఖాళీ చేస్తూ తాళంచెవి మాత్రం జేబులో వేసుకుపోయినట్టు. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు జైల్లో రాసిన 'మాలపల్లి' అదే 1922లో వెలువడింది. మాలవాళ్ల ఇంటిని కథకు నట్టిల్లు చేసి, కూలీ సమ్మె గురించి రాసిన నవల అది. సర్కారు నిషేధించింది. 1928లో కొన్ని భాగాలు తీసేస్తే అమ్ముకోండన్నారు. 1936లో మళ్లీ నిషేధం. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాక గానీ అది వదల్లేదు. ఒకే పుస్తకం, ఒకే సర్కారు, ఇన్ని మాటలు. పుస్తకం మారలేదు. కుర్చీలో మనుషులు మారినారు, అంతే.

మన జిల్లా సంగతికి వస్తా. ఇప్పుడు మనది శ్రీ సత్యసాయి జిల్లా, నువ్వు పోయినాక 2022లో విడదీసినారు. అయినా నా నోటికి అనంతపురమే వస్తుంది. తరిమెల ఊరినుంచి ఇద్దరు వచ్చినారు చూడు, నాగిరెడ్డి, విద్వాన్ విశ్వం. 'పెన్నేటి పాట' రాసిన విశ్వమే. ఇద్దరూ కలిసి అనంతపురంలో నవ్య సాహిత్యమాల అని పెట్టి చిన్న చిన్న పుస్తకాలు వేసేవాళ్లు. రెండో ప్రపంచయుద్ధం మొదలైన కొత్తలో, యుద్ధం వల్ల జనం బతుకు ఆర్థికంగా ఏమవుతుందో నాగిరెడ్డి ఒక చిన్న పుస్తకంలో రాసినాడు. బాంబు తయారుచేసే పద్ధతి కాదప్పా, లెక్కలు! ఆ లెక్కలకే తిరుచిరాపల్లి జైలుకు పంపినారు. కరువు సీమలో ధరలు ఎందుకు పెరుగుతాయో చెప్పడం కూడా నేరమే ఆ సర్కారుకు.

దొరలు పోయినాక కూడా ఆయనకు జైళ్లు తప్పలేదు. 1969 తర్వాత కుట్ర కేసులో ముద్దాయిగా నిలబెట్టినప్పుడు, తాను చెప్పాలనుకున్నదంతా కోర్టుకు ఇచ్చే వాంగ్మూలంగా రాసినాడు. అదే 'తాకట్టులో భారతదేశం' పుస్తకమైంది. ఎమర్జెన్సీలో అజ్ఞాతంలో ఉండగా 1976లో పోయినాడు, పుస్తకం 1978లో అచ్చులో వచ్చింది. ఆలోచిస్తే నాకు నవ్వొస్తుంది. బయట కరపత్రంగా వేస్తే జప్తు చేసేదాన్ని, బోన్లో నిలబడి చెప్తే జడ్జి గారు రాసుకోవాల్సిందే.

స్వరాజ్యం వచ్చాక అంతా మారిందనుకున్నారు మనవాళ్లు. రాజ్యాంగం 1950 జనవరి 26న అమల్లోకి వచ్చింది. మార్చి 1న, అంటే సిరా ఆరకముందే, మద్రాసు సర్కారు బొంబాయి నుంచి వచ్చే 'క్రాస్ రోడ్స్' అనే వారపత్రిక రాష్ట్రంలోకి రాకూడదని ఉత్తర్వు ఇచ్చింది. మద్రాసు రాష్ట్రమంటే అప్పుడు మనమూ అందులోనే. అనంతపురం బస్టాండులో ఆ పత్రిక అమ్మినా నేరమే. సంపాదకుడు రమేష్ థాపర్ సుప్రీంకోర్టుకు పోయి, మే 26న గెలిచినాడు. శాంతిభద్రతల పేరు చెప్పి పత్రికను ఆపడానికి రాజ్యాంగం ఒప్పుకోదని కోర్టు చెప్పింది. ఏడాది తిరిగేసరికి, 1951లో, సర్కారు రాజ్యాంగాన్నే సవరించి 'శాంతిభద్రతలు' అనే మాటను అందులో చేర్చుకుంది. కోర్టులో ఓడినవాడు రూలుబుక్కు మార్చేశాడు. ఆ సవరణ చేసింది నెహ్రూ గారి ప్రభుత్వం. పార్టీని బట్టి కోపం తెచ్చుకునే నీకు ఇది మింగుడుపడదు, నాకు తెలుసు.

ఆ తర్వాతివి నువ్వు చూసినవే. విప్లవ రచయితల సంఘం, అదే విరసం వాళ్ల 'ఝంఝ', 'మార్చ్', 'లే' సంకలనాల మీద నిషేధం. 2005లో ఆ సంఘాన్నే నిషేధించి మూడు నెలల్లో వెనక్కి తగ్గడం. 2021లో తెలంగాణలో అదే సంఘాన్ని మరికొన్నిటితో కలిపి నిషేధించి మళ్లీ జీవో వెనక్కి తీసుకోవడం. నాకు వాళ్ల రాతలన్నీ నచ్చవు. కొన్ని చదువుతుంటే నినాదాలే తప్ప కవిత్వం కనబడదు. నచ్చకపోతే విమర్శించాలి, మూసేసి పెట్టాలి, ఇంకొకటి రాయాలి. పోలీసు జీపెందుకు?

2017లో మనిద్దరం పోట్లాడుకున్న సంగతి మరిచిపోలేదు. కంచ ఐలయ్య గారి 'సామాజిక స్మగ్లర్లు కోమటోళ్లు' పుస్తకం నిషేధించాల్సిందే అన్నావు నువ్వు. నీ కోపానికి కారణముంది, ఆ పేరు ఒక కులాన్ని మొత్తం గాయపరిచేదే, నేను కాదనను. నేను ప్రచురణకర్తనైతే ఆ పేరు పెట్టనిచ్చేవాణ్ణి కాదు. కానీ నిషేధించమని ఒకరు సుప్రీంకోర్టుకు పోతే, ఆ అక్టోబరులోనే కోర్టు కొట్టేసింది, రచయిత స్వేచ్ఛను అట్లా తుంచలేమంది. కోర్టు కొట్టేసినంత మాత్రాన ఏమైంది? దానికి ముందే పరకాలలో ఆయన కారు మీద దాడి జరిగింది. ఆయన గడప దాటకుండా కూర్చోవాల్సి వచ్చింది. అమ్మే షాపులవాళ్లు ఎట్లా వణికి ఉంటారో ఊహించుకో. సర్కారు చేయని నిషేధాన్ని జనమే చేసి పెట్టినారు. దానికి జీవో నంబరుండదు, తేదీ ఉండదు, హైకోర్టులో సవాలు చేయడానికి కాగితమే ఉండదు.

ఇప్పుడు నేను అడిగేది చెప్తా. నా దగ్గర పది రూపాయల ఎన్నికల కరపత్రానికి కూడా అడుగున పేరు వేయమంటుంది గదా చట్టం. ఆపేవాడికీ అదే రూలు పెట్టమంటాను.

కాశ్మీరు ఉత్తర్వు నాకు నచ్చలేదు. నూరానీ లాంటి రాజ్యాంగ పండితుడి పుస్తకాన్ని, అరుంధతీ రాయ్ పుస్తకాన్ని ఒకే గాటన కట్టి, 25 పేర్లు వరసగా రాసి జప్తన్నారు. అయినా అది ఒక కాగితం. ఏ సెక్షనో రాసివుంది. పాత 99ఎ తర్వాత 95 అయింది, ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలో 98 అయింది. ఆ సెక్షను ప్రకారం సర్కారు కారణాలు చెప్పాలి. దానిమీద రెండు నెలల్లో హైకోర్టుకు పోవచ్చు, ముగ్గురు జడ్జీలు వింటారు. కారణాలు చెప్పకుండా జప్తు చేస్తే చెల్లదని సుప్రీంకోర్టు 1961లోనే హర్‌నామ్ దాస్ కేసులో తేల్చింది. కొట్లాడ్డానికి కనీసం ఎదురుగా ఒకటి నిలబడి ఉంది.

రష్దీ 'సాతానిక్ వర్సెస్' కథ విన్నావా? 1988లో మన దేశంలోకి దిగుమతి కాకూడదని కస్టమ్స్ నోటిఫికేషన్ ఇచ్చారు. ముప్పయ్యారేండ్లు ఏ షాపులోనూ పెట్టలేదు. ఒకాయన ఢిల్లీ హైకోర్టుకు పోయి ఆ నోటిఫికేషన్ చూపించండి అంటే, ఏ ఆఫీసులోనూ దొరకలేదు! లేని కాగితాన్ని చూసి తీర్పు చెప్పలేం కాబట్టి అది లేదనే అనుకోవాలని 2024 నవంబరులో కోర్టు కేసు ముగించింది. ఇన్నేండ్లూ దేశమంతా భయపడింది ఎక్కడుందో తెలియని ఒక కాగితానికి. మన ఆఫీసుల్లో ఫైళ్లు పోవడం వల్ల ఎవరికైనా మేలు జరిగిందంటే నాకు తెలిసి ఇదొక్కటే.

ఆన్‌లైన్‌లో ఇంకా అన్యాయం. ఐటీ చట్టం 69ఎ కింద ఏదైనా బ్లాకు చేస్తే, 2009 రూల్సు ప్రకారం ఆ సంగతి గోప్యంగా ఉంచాలి. ఏం రాసినందుకు మూసినారో రాసినవాడికే తెలీదు. ఇక మన రాష్ట్రంలో, పత్రికల్లో తప్పుడు వార్తలొస్తే శాఖల కార్యదర్శులే కేసులు పెట్టొచ్చని 2019 అక్టోబరులో 2430 జీవో ఇచ్చారు. అంతకుముందు 2007లో 938 ఇచ్చి ఉన్నారు. 2021 ఆగస్టు నుంచి అసలు జీవోలే జనానికి కనబడకుండా పోయాయి. వెబ్‌సైట్లో పెట్టడం మానేశారు, మళ్లీ 2024లో గానీ మొదలుపెట్టలేదు. పౌరుడు అచ్చేసేదాని మీద పేరుండాలి, సర్కారు రాసేది మాత్రం ఎవరికీ కనబడకూడదు. ఇదెక్కడి న్యాయమప్పా?

నాకు జరిగిందొకటి చెప్తా, నీలోనే ఉంచుకో. మన వీధిలో మగ్గాలవాళ్లు ముడిపట్టు రాయితీ బాకీల మీద కరపత్రం వేయించాలని వచ్చినారు. మేటరు పద్ధతిగా ఉంది, తిట్లు లేవు, అంకెలున్నాయి. ప్లేటు చేయించి మిషనుకు ఎక్కించేలోగా ఫోనొచ్చింది. ఎవరో నీకు చెప్పను. "అన్నా, అది వేస్తే బాగుండదు" అన్నాడు. "ఆర్డరేమన్నా ఉంటే పంపు సార్, ఇప్పుడే ఆపేస్తా" అన్నాను. నవ్వి పెట్టేసినాడు. మగ్గాలవాళ్లే భయపడి, "అడుగున నీ పేరు తీసెయ్ అన్నా, మా వల్ల నీకెందుకు" అన్నారు. తీయలేదు. పేరు లేని కాగితమైతే వాళ్లు చెప్పింది అబద్ధమైపోతుంది, ఎవరో గిట్టనోళ్లు వేశారంటారు. కరపత్రం పంచినారు, సంతలో జనం చదివినారు. ఒక ఆఫీసు నుంచి ఏటా వచ్చే రసీదు పుస్తకాల పని మాత్రం ఆ తర్వాత నాకు రాలేదు. హిందూపురంలో ఎవరికో ఇచ్చినారంట. నిషేధం కాదు, జప్తు కాదు, కేసు కాదు. నువ్వు "నీకేం పోయింది" అన్నావు చూడు, అందుకు చెప్తున్నా.

మీ అమ్మ బాగుంది. మోకాళ్లకు మాత్రలు నేనే తెచ్చిస్తున్నా, డబ్బులు పంపొద్దు. వినాయకచవితికి చందా పుస్తకాలు బాగా పోయాయి. మీ తమ్ముడు ఎర్రమంచి కియా దగ్గర క్యాంటీన్లో చేరినాడు, పొద్దున్నే పోతున్నాడు.

'మాలపల్లి' పంపమన్నావు. కొని పెట్టినాను, లావు పుస్తకం. అయితే మీ కువైట్‌లో నాలుగేండ్ల పైచిలుకులో 4 వేలకు పైగా పుస్తకాలు నిషేధించారని 2018లో పేపర్లో చదివినా, మార్క్వెజ్ నవల కూడా అందులో ఉండె. 2020లో చట్టం మార్చి కొంత సడలించారంటారు గానీ, ఎయిర్‌పోర్టులో ఏం చేస్తారో నువ్వే కనుక్కుని చెప్పు. వాళ్లకు తెలుగు రాదు కాబట్టి, చదివి చెప్పడానికి అక్కడుండే మనవాణ్ణే ఎవణ్ణో పిలుస్తారు. వాడు కడపోడైతే పర్వాలేదు, పది పేజీలు చదివేసరికి పుస్తకం వాడే ఉంచేసుకుంటాడు. అందుకని రెండు కాపీలు పంపేదా?

ఇట్లు
నీ ప్రెస్సన్న